నీలి అట్టల సంచికలు

"నాలుగింటికల్లా ఆ డోరీన్ మీద కేసు రాసేస్తున్నా హెస్టర్. ఆ చక్రం నువ్వెన్నిసార్లు తిప్పి చూసినా పోయినావిడ తిరిగి రాదు," అన్నాడు ఈ కేసు చూస్తున్న పోలీసు అధికారి గార్త్ పెన్నిక్.

ఇన్‌స్పెక్టర్ హెస్టర్ బెయిర్‌స్టో చక్రం ఇంకోసారి తిప్పింది. నిలువెత్తు ఇనుప బీరువా, తనలోని పాత పత్రికల బరువంతా మోసుకుంటూ నేలలో బిగించిన పట్టాల మీద మెత్తగా జరిగి పక్క బీరువాకి అతుక్కుంది. మధ్యలో ఉన్న సందు మాయమైంది. అంత బరువు కదిలినప్పుడు కనీసం చప్పుడైనా చెయ్యాలి కదా అనిపించి ఆమెకి ఒళ్లు మండింది.

మంగళవారం సాయంత్రం ఆ సందులో మిస్ ఆగ్నెస్ క్రాబ్‌ట్రీ ఉంది. రిటైరైన బడిపంతులమ్మ. విక్టోరియా రాణి కాలపు పత్రికల మీద ఏ యూనివర్సిటీ అండా లేకుండా, సొంతంగా, సగం జీవితం పరిశోధన చేసిన మనిషి. ఆమె లోపల ఉండగా లైబ్రరీ ఉద్యోగి డోరీన్ మిడ్జ్‌లీ ఈ చక్రం తిప్పింది. హాల్డెన్ లైబ్రరీ నేలమాళిగలో ఇంతవరకు ఎవరూ చావలేదు.

"విను," అన్నాడు పెన్నిక్, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు. "లోపలికి వెళ్లేవాళ్లు చక్రానికి ఎర్ర బిళ్ల తగిలించాలి. బిళ్ల ఉన్న చక్రాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇక్కడి పద్ధతి అది. ముసలావిడ మతిమరుపుతో బిళ్ల ఎదురు వరస చక్రానికి తగిలించి ఈ వరసలో దూరింది. చెవి మిషన్ తీసి సంచిలో పడేసింది. ఆ డోరీన్ సందులోకి తొంగి చూడకుండా తిప్పింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీసింది. ఇందులో నీకేం అర్థం కాలేదు?"

"మతిమరుపని ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు. ప్రొఫెసర్ వెరాల్ గారే చెప్పారు. ఆయన కంటే ఎక్కువ తెలుసా నీకు?"

"అందరూ అంటే ప్రొఫెసర్ గారు ఒక్కరేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

పెన్నిక్ నవ్వాడు. "నీకు పెద్ద చదువులు చదివిన వాళ్లంటే గిట్టదు. అదీ సంగతి."

అది నిజం కాదు. నిజం అంతకంటే సిగ్గుచేటు. హెస్టర్‌కి వెరాల్ నచ్చాడు. నిన్న ఆయన లైబ్రరీ పై అంతస్తులోని తన గదిలో స్వయంగా టీ పోసి, పాలు ఎంత కావాలో అడిగి, చనిపోయినావిడ గురించి "పాపం, ఈ మధ్య మతి నిలకడగా ఉండేది కాదండీ," అని ఎంతో మెత్తగా చెప్పాడు. తర్వాత, ఆమె మొహం అలసటగా ఉందని చూసి కాబోలు, పాత పత్రికల్లోని తమాషా ప్రకటన ఒకటి పాఠంలా అప్పజెప్పాడు. ఆమె పగలబడి నవ్వింది. కప్పులో టీ చల్లారేదాకా నవ్వింది.

హెస్టర్‌కి కోపం ఒక రోజు ఆలస్యంగా వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. అవమానం జరిగిన క్షణంలో ఆమెలో ఏదో మర్యాదగల మనిషి ముందుకొచ్చి నవ్వేస్తుంది. ఆ మనిషి వెళ్లిపోయాక, మర్నాడు పళ్లు తోముకుంటుంటేనో, బూట్ల లేసులు కట్టుకుంటుంటేనో, అసలు మనిషి లేస్తుంది. ఇవాళ పొద్దున ఆ మనిషి లేచింది. మంచిగా మాట్లాడేవాళ్లు చచ్చినవాళ్ల మతిని ఎందుకు అంత తొందరగా కొట్టిపారేస్తారని అడిగింది. అందుకే హెస్టర్ మళ్లీ ఇక్కడికి వచ్చింది.

ఆమె బీరువాని వెనక్కి తిప్పి, సందులోకి వెళ్లి, నేల మీద బోర్లా పడుకుంది.

"దేవుడా," అన్నాడు పెన్నిక్. "నేలంతా మా వాళ్లు చూశారు."

"నేల చూశారు. పట్టా గాడి చూశారా?"

టార్చి వెలుగులో గాడి నిండా నల్లటి జిడ్డు, దుమ్ము. దాని మధ్యలో, బీరువా కింది చక్రం నొక్కేసి వెళ్లిన చోట, గోరంత నీలం. హెస్టర్ పట్టకారుతో దాన్ని పైకి తీసింది. పలచటి నీలి కాగితం ముక్క, చిరిగిన అంచు. ఒక వైపు ఖాళీ. రెండో వైపు నల్లటి అచ్చులో వంకీ తిరిగిన గొడుగు పిడి, పిడి చివర చిన్న ఈల, కింద చివరి మాట మాత్రం మిగిలిన కొట్టు పేరు. డాటర్స్.

ఆమె లేచి కూర్చుంది. చెవుల్లో తన నవ్వే తనకి వినిపించింది.

నిన్న వెరాల్ అప్పజెప్పిన ప్రకటన ఇదే. "ఈల గొడుగు! వానలో బండిని పిలవడానికి, చీకట్లో దొంగని బెదిరించడానికి, పెళ్లికాని ఆడవారికి మరీ ముఖ్యం! స్పింక్ అండ్ డాటర్స్ వారి దగ్గర మాత్రమే!" ఏ పత్రికలోదని అడిగితే, "మన కాల్డర్ లాంతరులోదే. నూట యాభై ఏళ్ల కిందటి నెలపత్రిక. నా జీవితం దానికే రాసిచ్చేశాను," అన్నాడు గర్వంగా.

"ఏమిటది?" అన్నాడు పెన్నిక్.

"గొడుగు."

ఆమె కాగితాన్ని చిన్న సంచిలో వేసి, సీలు చేసి, పేరు రాసి, పెన్నిక్ చేత సంతకం పెట్టించింది. అతను మొహం చిట్లించుకుంటూ పెట్టాడు. తర్వాత ఆమె బీరువాలోంచి కాల్డర్ లాంతరు సంపుటాలు ఒక్కొక్కటే దించి తిరగేసింది. దళసరి తోలు అట్టల మధ్య ఏడాది సంచికలన్నీ కలిపి కుట్టారు. ఒక నెల ముగిసిన పేజీ వెనకే మరో నెల మొదటి పేజీ. అన్నీ పాలిపోయిన తెల్ల కాగితాలు. ఎక్కడా నీలం లేదు. గొడుగు లేదు. సబ్బు, మందు, కొట్టు, ఏ ప్రకటనా లేదు.

*

డోరీన్ ఉద్యోగుల వంటగదిలో కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. ముందున్న టీ మీద మీగడ కట్టింది. రెండు చేతులూ బల్ల కింద దాచుకుంది.

"డోరీన్ గారూ, మళ్లీ మొదటి నుంచీ చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పనమ్మా? లోపల ఎవరైనా ఉన్నారా అని కేకేశాను. పలకలేదు. బిళ్ల లేదు. లైటు కూడా ఆరిపోయుంది, కదలిక లేకపోతే దానంతటదే ఆరిపోతుంది కదా. తిప్పాను. కొంచెం దూరం వెళ్లాక బిగిసింది. పుస్తకం జారి పడిందేమో అనుకున్నా. అప్పుడప్పుడు పడతాయి. అందుకని ఇంకో చుట్టు గట్టిగా తిప్పాను. తిప్పింది నేనే. లోపలికి తొంగి చూడలేదు. అది మాత్రం ఎవరి మీదా తోయను."

"మిస్ క్రాబ్‌ట్రీ మతిమరుపు మనిషా?"

డోరీన్ తల ఎత్తింది. మొదటిసారి ఆ కళ్లలో నీళ్లు కాకుండా మంట కనిపించింది. "ఏ వెధవ చెప్పాడా మాట? ఆవిడా? పోయినేడు నేను తప్పు అరలో పెట్టిన పుస్తకాన్ని ఏడాది తర్వాత గుర్తుపెట్టుకుని తెచ్చిచ్చిందమ్మా! బిళ్ల తగిలించి, సరిగ్గా వేలాడుతుందా లేదా అని చేత్తో తట్టి మరీ వెళ్లేది. చెవి మిషన్ అంటారా, కింద గాలి ఫ్యాన్ల హోరుకి అది కూత పెడుతుంది. అందుకే ఎప్పుడూ తీసేసేది. అలవాటైన వాళ్లందరికీ తెలుసు."

"ప్రొఫెసర్ వెరాల్‌కి?"

"ఆయనకి తెలియకేం? ఇద్దరికీ కిందికి దిగే అనుమతి ఉంది."

హెస్టర్ నెమ్మదిగా అంది. "మీరు నా దగ్గర ఏదో దాస్తున్నారు. మొదటి రోజు నుంచీ చూస్తున్నా. చేతులు దాచినట్టు దాస్తున్నారు."

డోరీన్ చేతులు పైకి తీసి బల్ల మీద పెట్టింది.

"బయటి కాగితాలు లోపలికి తేకూడదు. రూలు. కానీ ఆవిడ మంగళవారం వెనక గుమ్మం దగ్గరికొచ్చి చిన్నపిల్లలా గెంతుతోంది. చేతిలో టోపీ పెట్టె. అందులో లాంతరు విడి సంచికలు, నీలి అట్టలతో. ఏదో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికాయట. ఇక్కడి సంపుటాలతో పోల్చి చూసుకుంటా, గంట చాలు డోరీన్, అంది. తీసుకొచ్చేశాను. ఇది చెబితే నా ఉద్యోగం పోతుందని చెప్పలేదు." ఆమె ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు ఉద్యోగం గురించి ఏడవడమేంటి, జైలుకే పోతున్నా."

"ఆ అట్టల మీద ఏముంది?"

"లాంతరులో తొమ్మిదో మగ్గం అని సీరియల్ వచ్చిందట, పేరు లేకుండా. అది ఎవరో సర్ లయొనెల్ థోర్న్ రాశాడని అందరూ అంటారట. కాదు డోరీన్, ఆఖరి సంచిక అట్ట మీద రాసినావిడ పేరు అచ్చేశారు, హానా ఓల్డ్‌రాయిడ్, మిల్లులో మగ్గం నేసిన పిల్ల, అంది. ఆ మాట చెబుతూ ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు."

గుమ్మం దగ్గర నిలబడి విన్న పెన్నిక్ పెదవి విరిచాడు. "పెట్టె లేదు హెస్టర్. నేను గది గది వెతికించాను. గేటు దగ్గర ప్రతి మనిషి సంచీ విప్పి చూస్తారు. ప్రొఫెసర్లకైనా మినహాయింపు లేదు. మంగళవారం నుంచి ఒక్క పాత కాగితం బయటికి పోలేదు. లోపలా లేదు, బయటికీ పోలేదు. అంటే అసలు లేదు. ఈవిడ కథ అల్లుతోంది."

"ఆ కథలోంచి ఊడిపడ్డ ముక్క కిందే నువ్వు సంతకం పెట్టావు," అంది హెస్టర్.

*

ప్రొఫెసర్ క్రిస్పిన్ వెరాల్ పై అంతస్తు గదిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. తెల్లటి చొక్కా, తెల్లటి జుట్టు, అద్దాలు మెడలో వేలాడుతున్నాయి. హెస్టర్ని చూడగానే లేచి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. పెన్నిక్ కూర్చున్నాడు.

"మంగళవారం మీరు కిందికి దిగారా?"

"నిన్ననే చెప్పానండీ. దిగలేదు. పగలంతా ఈ గదిలోనే ఉన్నాను."

"మిస్ క్రాబ్‌ట్రీ మీకు ఏవైనా విడి సంచికలు చూపించిందా? లాంతరువి?"

వెరాల్ నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో జాలి ఉంది. హెస్టర్ నిన్న దాన్ని నిజమైన జాలే అనుకుంది. "ఆ భ్రమ మీదాకా వచ్చిందన్నమాట. ఇన్‌స్పెక్టర్ గారూ, ఆవిడ నాకు కొన్ని నెలలుగా అదే పాట పాడుతోంది. అట్టలు ఉన్నాయని, పేరు ఉందని. ఆవిడని బాధపెట్టడం ఇష్టం లేక వింటూ ఉండేవాణ్ణి."

"భ్రమ అని ఎలా చెప్పగలరు?"

"ఎందుకంటే అలాంటి అట్టలు లోకంలో లేవు కాబట్టి." ఆయన గొంతులోకి పాఠం చెప్పే హుషారు వచ్చింది. "అర్థమయ్యేలా చెప్తాను వినండి. ఆ రోజుల్లో నెలపత్రిక పలచటి రంగు కాగితం అట్టతో వచ్చేది. ప్రకటనలన్నీ ఆ అట్టల మీదే వేసేవాళ్లు. ఏడాది కాగానే సంచికలన్నీ బైండరుకి ఇచ్చేవాళ్లు. వాడు మొదట చేసే పని, అట్టలు పీకి చెత్తలో పారెయ్యడం. కథ ముఖ్యం, సబ్బు ప్రకటన ఎవడికి కావాలి? ఒక్క చోట కాదు, దేశమంతా అంతే చేశారు. ఏ లైబ్రరీకి వెళ్లండి, లాంతరు సంపుటాలు ఉంటాయి, అట్టలుండవు. కంప్యూటర్లో పెట్టిన ఫొటోలూ ఆ సంపుటాల్లోంచే తీశారు, వాటిలోనూ ఉండవు. నేను ముప్పై ఏళ్లు వెతికాను. లాంతరు అట్ట ఒక్కటంటే ఒక్కటి బతికున్న మనిషి ఎవరూ చూడలేదు."

"మీరు కూడా?"

"నేను కూడా. ఇది ప్రమాణం చేసి చెప్పగలను."

హెస్టర్‌కి ఆ క్షణంలో ఒక వింత నెమ్మది కలిగింది. నిన్నటి నవ్వూ, ఇవాళ్టి కోపమూ ఒకే చోట కలుసుకున్నట్టు.

"లాంతరులో ప్రకటనలు అట్టల మీద తప్ప లోపలెక్కడా వెయ్యరు. అంతేనా?"

"ఎక్కడా వెయ్యరు. ఆ విషయంలో సంపాదకుడు చాలా పట్టుదల మనిషి."

"మరి ఈల గొడుగు ఎక్కడ చూశారు ప్రొఫెసర్ గారూ?"

వెరాల్ పెదవుల మీద చిరునవ్వు అలాగే నిలిచి ఉంది. దాని వెనక మనిషి మాత్రం ఎటో వెళ్లిపోయాడు. తిరిగి రావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఏ గొడుగు?"

"బండిని పిలవడానికి, దొంగని బెదిరించడానికి, పెళ్లికాని ఆడవారికి మరీ ముఖ్యం. నిన్న ఈ గదిలోనే, ఇదే కుర్చీలో కూర్చుని అప్పజెప్పారు. నేను నవ్వాను కూడా. మన కాల్డర్ లాంతరులోదే అన్నారు."

"ఓహో, అదా." ఆయన అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. "ఇంకేదో పత్రికలోది అయ్యుంటుంది. వందల పత్రికలు చదివే బుర్ర ఇది. కలగాపులగం అవుతుంటాయి."

"మతిమరుపా?" అంది హెస్టర్. ఆ మాట ఆమె నోట్లోంచి రాయిలా పడింది. "ఆవిడకేనా, మీకు కూడానా? ఈ లైబ్రరీలో మతి సరిగ్గా ఉన్నవాళ్లు ఎవరూ లేరా?" ఆమె చిన్న సంచిని ఆయన కళ్ల ముందు పట్టుకుంది. "ఇది ఆ సందులో, పట్టా గాడిలో దొరికింది. నీలం కాగితం. పిడికి ఈల. స్పింక్ గారి కూతుళ్లు. ఇంతకాలం బతికున్న మనిషి ఎవరూ చూడని అట్ట మంగళవారం కిందికి వచ్చింది, బుధవారం మీ నోట్లో ఉంది. మధ్యలో ఒక ముసలావిడ నలిగిపోయింది!"

"అరవకు హెస్టర్," అన్నాడు పెన్నిక్.

"అరుస్తాను! ఆవిడ మీకు మొదట చూపించింది, అవునా? ఎందుకంటే ఆ సంతోషం అర్థమయ్యే మనిషి ఈ ఊళ్లో మీరొక్కరే. యూనివర్సిటీలో మీ పదవి పేరే థోర్న్ పీఠం. మీ పుస్తకాలన్నీ థోర్న్ గారి మీదే. ఒక నీలి అట్ట దెబ్బకి అదంతా కూలిపోతుంది. చూసుకుంటానని సంచికలు పైకి పట్టుకొచ్చారు. వస్తూ వస్తూ చక్రానికున్న ఎర్ర బిళ్ల తీసి ఎదుటి చక్రానికి తగిలించారు. మిగతా పని డోరీన్ చేతులకి వదిలేశారు."

వెరాల్ అద్దాలు పెట్టుకున్నాడు. హెస్టర్ వైపు చూడలేదు. పెన్నిక్ వైపు చూశాడు.

"మిస్టర్ పెన్నిక్, నన్ను అరెస్టు చేస్తున్నారా?"

"లేదు సార్," అన్నాడు పెన్నిక్, లేచి నిలబడుతూ. "గొడుగు బొమ్మ చూసి ఎవర్నీ అరెస్టు చెయ్యరు. మా ఇన్‌స్పెక్టరుకి రెండు రోజులుగా నిద్ర లేదు. మీరు బయలుదేరండి."

"థాంక్యూ. భోజనం వేళయింది. చిన్న పని కూడా ఉంది."

ఆయన కొక్కేనికి వేలాడుతున్న కోటు వైపు చూశాడు, అంతే. పెన్నిక్ గబుక్కున వెళ్లి దాన్ని దించి పట్టుకున్నాడు. వెరాల్ వెనక్కి తిరిగి, రెండు చేతులూ కొంచెం చాపి, కోటు తొడిగించుకున్నాడు. తలుపు కూడా పెన్నిక్ చేతే తీయించుకుని వెళ్లిపోయాడు.

*

తర్వాత చాలాసేపు వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు.

"నీకు తల తిరిగిందా? థోర్న్ పీఠం ప్రొఫెసర్‌ని పట్టుకుని హంతకుడంటావా? వకీలు ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు. ఎక్కడో పాత పుస్తకంలో ఆ ప్రకటన గురించి చదివుంటాడు అంటాడు. ఆ తర్వాత నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"నా మొహం సంగతి నాకొదిలెయ్. నువ్వు ఆయనకి కోటు తొడిగావు గార్త్."

"పెద్దాయన. మర్యాద."

"అదే నేనంటున్నది! ఆయన ఏదీ తన చేత్తో చెయ్యడు. చక్రం డోరీన్ తిప్పింది. కోటు నువ్వు తొడిగావు. ఆవిడకి మతిలేదని నువ్వు ఊరంతా చెప్పావు. మనల్ని కూడా వాడుకున్నాడు, నన్ను నవ్వించాడు!"

పెన్నిక్ చెవులు ఎర్రబడ్డాయి. "సరే, నువ్వన్నదే నిజమనుకో. సంచికలేవి? పొయ్యిలో వేశాడా?"

హెస్టర్ కిటికీ దగ్గర ఆగింది. పొయ్యి. లేదు. ఆమె వెరాల్ గొంతుని మళ్లీ లోపల వినిపించుకుంది. నిన్న ఆ ప్రకటన అప్పజెప్పినప్పుడు ఆ గొంతులో ఉన్నది కులాసా కాదు. ఆకలిగొన్నవాడికి అన్నం దొరికినప్పటి గొంతు అది. ముప్పై ఏళ్లు వెతికినది చేతికందితే, అది తనని నాశనం చేసేదే అయినా, ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాడు. అందుకే దారినపోయే పోలీసామెకి చెప్పాడు. అలాంటివాడు మనిషిని చంపగలడు. ఆ కాగితాన్ని మాత్రం కాల్చలేడు. దాచుకుంటాడు. కానీ గేటు దగ్గర సంచీలు విప్పుతారు.

"గార్త్, మంగళవారం నుంచి ఈ బిల్డింగులోంచి విప్పి చూడకుండా బయటికెళ్లింది ఏమిటి?"

"చెప్పా కదా, ఏమీ లేదు. ప్రతి సంచీ..."

"సంచీలు కాదు. సంచీలు కానివి."

అతను కణత రుద్దుకున్నాడు. తర్వాత చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"పొద్దున బైండింగ్ వ్యాను వచ్చింది," అన్నాడు, నెమ్మదిగా. "చిరిగిన పుస్తకాల పెట్టెలు. మేకులు కొట్టేసి ఉన్నాయి. లైబ్రరీ పని ఆగకూడదు కదా అని నేనే..."

"నువ్వే పంపావు."

"వెరాల్ గారే అడిగారు," అన్నాడు పెన్నిక్. అతని గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

హెస్టర్ అప్పటికే ఫోను తీసింది. కాలువ పక్కన బైండింగ్ కొట్టు. చాలాసేపు మోగాక ఒక ఆడ గొంతు, నోట్లో ఏదో నములుతూ పలికింది. మిసెస్ టాటర్సల్ అట, కొట్టు యజమానురాలు.

"కాల్డర్ లాంతరా? ఆ, ఆ, వచ్చాయమ్మా. పెట్టెలో పైనే ఉన్నాయి. అట్టలు తీసేసి, లోపలి కాగితం మాత్రం మామూలుగా కుట్టమని చీటీ పెట్టారు. పొద్దున్నే పీకేశాను."

హెస్టర్ కళ్లు మూసుకుంది. నూట యాభై ఏళ్ల కిందట ఎవరో చేసిన పనే మళ్లీ, అదే అమాయకత్వంతో, ఇంకొకరి చేతులు చేశాయి.

"పారేశారా?"

"పారెయ్యడమెందుకమ్మా? ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారుగా. చెత్తలో వెయ్యకండి, నేనే వచ్చి పట్టుకెళ్తా అన్నారు. పాత కాగితమంటే ఆయనకి ప్రాణం. ఒక మూల కొంచెం చిరిగుంది, దానికి కూడా ఎంత బాధపడ్డారో."

"అవన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా? ఇప్పుడు?"

"నా ముందే ఉన్నాయి. రొట్టె తింటూ వాటినే చూస్తున్నా. ముద్దొచ్చే నీలం." ఆమె నవ్వింది. "ఆఖరి దాని మీద ఎవరో హానా ఓల్డ్‌రాయిడ్ అట, ఈ కథ రాసినావిడ. మా అమ్మమ్మ పుట్టింటివాళ్లు కూడా ఓల్డ్‌రాయిడ్లే! ఆ మాటే ప్రొఫెసర్ గారికి ఫోన్లో చెప్పాను. చదివారా మీరు, అన్నారు. ఇంకెవరైనా చదివారా అన్నారు. లేదండీ, నేనొక్కదాన్నే అన్నాను. చాలా సంతోషించారు పాపం."

పెన్నిక్ హెస్టర్ మొహం చూసి, ఏమీ అడగకుండా, కారు తాళాలు తీసుకుని మెట్ల మీద పరిగెత్తాడు.

"మిసెస్ టాటర్సల్, నా మాట వినండి. కొట్లో ఇంకెవరున్నారు?"

"ఎవరుంటారమ్మా, అందరూ భోజనాలకెళ్లారు."

"లేవండి. వీధి తలుపు గడియ వెయ్యండి. నేను పోలీసు ఇన్‌స్పెక్టర్ని. ఎవరొచ్చినా తియ్యకండి. ప్రొఫెసర్ గారైనా సరే. ముఖ్యంగా ఆయనకి."

"ఏమిటో సరిగ్గా వినబడట్లేదు, వెనక మిషన్ ఆడుతోంది. ఒక్క నిమిషం ఆగండి, గంట మోగుతోంది. ఆయనే అయ్యుంటారు."

"తియ్యకండి! మిసెస్ టాటర్సల్!"

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరమవుతున్న అడుగులు. గడియ తీసిన చప్పుడు. హెస్టర్ గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు అక్కడ బల్ల మీద, నీలి అట్టల పక్కన, ఈగ ముసిరినంత చప్పుడై ఉంటుంది.

తర్వాత ఆ మెత్తని గొంతు, నిన్న పాలు ఎంత కావాలని అడిగిన గొంతు, స్పష్టంగా వినిపించింది.

"క్షమించండి, భోజనం మధ్యలో వచ్చాను. అబ్బ, ఎంత పెద్ద కత్తి మిషనండీ ఇది! కాగితం దాని కింద ఎలా పెడతారో ఎప్పుడూ చూడలేదు. కాస్త చూపిస్తారా? మీ చేత్తోనే."